ఇరవై ఆరా, అరవై ఆరా? బీప్ పరీక్ష పాసైన బోర్డు మాటలో ముందు అక్షరం మింగేసిన కేసు

నేపథ్యం

కొత్తగా తయారైన ఎంబెడెడ్ లైనక్స్ బోర్డులను, అంటే పరికరాల లోపల ఇమిడి లైనక్స్‌తో నడిచే చిన్న కంప్యూటర్లను, లేపి నిలబెట్టడం నా పని. డిస్‌ప్లే, నెట్‌వర్క్ వచ్చేశాక అందరూ ఊపిరి పీల్చుకుంటారు, ఆడియో వంతు మాత్రం ఎప్పుడూ చివర్లోనే వస్తుంది, అది కూడా "సౌండ్ వస్తోందా? వస్తోంది, సరే" అన్నంత వరకే. ఈ కేసు రాయడానికి కారణం అదే. ఇక్కడ సౌండ్ మొదటి రోజు నుంచీ వస్తూనే ఉంది. కంపెనీ పేరు, డయాగ్నస్టిక్ సెంటర్ పేరు, చిప్పుల పార్ట్ నంబర్లు రాయడం లేదు, పాఠానికి వాటి అవసరం కూడా లేదు.

చర్లపల్లి వైపు ఒక చిన్న యూనిట్ వాళ్ళు టోకెన్ పిలిచే పెట్టెలు చేస్తారు. రిసెప్షన్‌లో బటన్ నొక్కితే హాల్లో తెర మీద నంబర్ పడుతుంది, ముందు "టింగ్" అని గంట మోగి, తర్వాత "టోకెన్ నంబర్ ఇరవై ఆరు" అని తెలుగులో, వెంటనే అదే హిందీలో పలుకుతుంది. లోపల ఒక ఆర్మ్ ప్రాసెసర్ బోర్డు, దాని నుంచి ఐ2ఎస్ తీగల (డిజిటల్ ఆడియోను మోసేవి) మీద ఆడియో కోడెక్‌కి (డిజిటల్ శబ్దాన్ని అనలాగ్‌గా మార్చే చిప్), కోడెక్ నుంచి శబ్దాన్ని పెంచే అనలాగ్ ఆంప్‌కి, ఆంప్ నుంచి 4 ఓమ్‌ల స్పీకర్‌కి. స్పీకర్లు కోఠి గుజరాతీ గల్లీలో దొరికే మామూలువే, వాటితో ఏ ఇబ్బందీ రాలేదు.

వచ్చిన సమస్య

ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో ఈ పెట్టెలు పెట్టిన కొన్నాళ్ళకే గొడవలు మొదలయ్యాయి. ఇరవై ఆరో నంబర్ పిలిస్తే అరవై ఆరు వాళ్ళు లేచి వస్తున్నారు, అసలు ఇరవై ఆరు ఆవిడ తన వంతు కాదనుకుని కూర్చునే ఉంటోంది. బ్లడ్ శాంపిల్ కోసం పరగడుపున తెల్లవారుజామునే వచ్చిన పెద్దవాళ్ళు, అందులో షుగర్ ఉన్నవాళ్ళు, వంతు తప్పిపోయి ఇంకో గంట ఆకలితో కూర్చోవడం చిన్న విషయం కాదు. తెర మీద నంబర్ పడుతుంది కదా అంటే, చూపు ఆనని వాళ్ళు, తెరకి వీపు పెట్టి కూర్చున్న వాళ్ళు చెవినే నమ్ముకుంటారు.

రిసెప్షన్ మేడమ్ చెప్పిన మాట ఈ కేసులో నాకు దొరికిన మొదటి ఆధారం: "పొద్దున్నుంచి ఇదే లొల్లి సార్. తెలుగులో పిలిస్తేనే గొడవ, హిందీలో విని వచ్చేవాళ్ళకి ఏ తేడా లేదు."

తయారీదారు దీన్ని రికార్డింగ్ తప్పుగా తీసుకున్నాడు, అలా అనుకోవడంలో తప్పేమీ లేదు కూడా. ఒకే బోర్డు, ఒకే స్పీకర్, ఒక భాష బాగుంది ఇంకోటి బాగాలేదు అంటే ఎవరి దృష్టైనా ఫైళ్ళ మీదికే పోతుంది. తెలుగు గొంతు ఇచ్చిన అమ్మాయితో మళ్ళీ నిదానంగా, స్పష్టంగా చెప్పించి రికార్డు చేయించారు. మార్పు లేదు. వాల్యూమ్ పెంచారు, చిన్న స్పీకర్ కాబట్టి గరగర మొదలై మాట ఇంకా పాడైంది. అప్పుడు నన్ను పిలిచారు.

వాళ్ళ షాపులో బోర్డు మీద విన్నాను. అక్కడ "ఇరవై ఆరు" చక్కగా, నిండుగా వినిపించింది. ఫ్యాక్టరీ పరీక్ష రిజిస్టర్ చూపించారు, సెంటర్‌కి వెళ్ళిన ప్రతి పెట్టె ఎదురుగా ఆడియో పాస్ అని ఉంది. ఈ బీప్ పరీక్ష ఏంటంటే, స్పీకర్‌టెస్ట్ ప్రోగ్రాంతో 1 కిలోహెర్ట్జ్ సైన్ తరంగాన్ని కొన్ని సెకన్లు మోగిస్తారు, ఎదురుగా పెట్టిన మైక్‌లో చివరి సెకను లెవెల్ ఒక గీత దాటితే పాస్. చాలా చోట్ల ఇదే పరీక్ష, తీగ తెగిందా, కోడెక్ మేల్కొందా, స్పీకర్ బతికే ఉందా అనేవి ఇది పట్టేస్తుంది. అంతవరకు మంచిదే.

ముందు ఏం చూశాను, ఎందుకు

సెంటర్‌కి వెళ్ళి హాల్లో కూర్చుని విన్నాను. వినగానే ఒకటి తేలింది, మాట గరగరగా లేదు, చిన్నగానూ లేదు, ముందు భాగం లేదు. "ఇరవై" అన్నది "రవై"కీ "వై"కీ మధ్య ఏదోలా వస్తోంది, "అరవై" కూడా అచ్చం అలాగే. తెలుగులో ఈ రెండింటికీ తేడా మొదటి అచ్చు ఒక్కటే, అది పోతే వినేవాడు ఊహించుకోవాల్సిందే.

హిందీ ఎందుకు బతికిపోయిందో కూడా దాంతోనే అర్థమైంది. హిందీలో వంద లోపు ప్రతి అంకెకీ విడి మాట ఉంటుంది కాబట్టి వాళ్ళు ఒక్కో నంబర్‌ని ఒక్కో ఫైలుగా రికార్డు చేశారు. "ఛబ్బీస్", "ఛియాసఠ్" రెండింటికీ ముందు కొంచెం తెగినా మిగిలింది వేర్వేరుగానే ఉంటుంది. తెలుగులో "ఇరవై" ఒక ఫైలు, "ఆరు" ఒక ఫైలు, కలిపి పలికిస్తారు. అంటే తెలుగు నంబర్‌కి రెండు చోట్ల కోత. తప్పు రెండు భాషల్లోనూ ఉంది, తెలుగులో బయటపడింది, అంతే. ఇది తేలాక రికార్డింగ్ అనుమానాన్ని పక్కన పెట్టేశాను.

ఇక అనుమానాలను వరుసగా కొట్టేయడం మొదలుపెట్టాను. మొదటిది క్లాక్, అంటే శబ్దం ముక్కలు ఎంత వేగంతో నడవాలో చెప్పే సిగ్నల్. 44.1 కిలోహెర్ట్జ్ ఫైలు 48 కిలోహెర్ట్జ్‌లో పరిగెడితే మాట దాదాపు 9 శాతం వేగంగా, సన్నగా వస్తుంది, అక్షరాలు మింగినట్టు అనిపించే అవకాశం ఉంది. కెర్నెల్ (లైనక్స్ మూల ప్రోగ్రాం) తన ప్రాక్ ఫోల్డర్లో హెచ్‌డబ్ల్యూ పారామ్స్ అని ఒక ఫైలు ఉంచుతుంది, శబ్దం వస్తుండగా అది తెరిస్తే నిజంగా ఏ రేటు, ఏ ఫార్మాట్, ఎన్ని ఛానళ్ళు నడుస్తున్నాయో కనిపిస్తుంది. అక్కడ 48000. దాన్నే నమ్మకుండా స్కోప్ (సిగ్నల్‌ని తెర మీద గీసి చూపే ఆసిలోస్కోప్) పెట్టాను, ఫ్రేమ్ క్లాక్ 48 కిలోహెర్ట్జ్, ఒక్కో ఛానల్‌కి 32 బిట్ల చొప్పున బిట్ క్లాక్ 3.072 మెగాహెర్ట్జ్, మాస్టర్ క్లాక్ ఫ్రేమ్ క్లాక్‌కి 256 రెట్ల లెక్కన 12.288 మెగాహెర్ట్జ్. అన్నీ లెక్క ప్రకారమే. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, ఇలాంటి పరీక్షలో ఏప్లేకి (లైనక్స్‌లో ఆడియో ఫైళ్ళు ఆడించే ప్రోగ్రాం) ప్లగ్‌హెచ్‌డబ్ల్యూ డివైస్ ఇవ్వకండి, అది రేటు తేడాను తనే సర్దేసి మన కంట పడనివ్వదు. నేరుగా హెచ్‌డబ్ల్యూ ఇస్తే సరిపడనిది సరిపడదని ముఖం మీదే చెబుతుంది.

రెండోది అండర్‌రన్, అంటే ప్రాసెసర్ తెర గీసే పనిలో పడి ఆడియో బఫర్ నింపడం ఆలస్యం చేయడం. లాగ్‌లో ఆ హెచ్చరిక ఒక్కటీ లేదు. ఉన్నా నేను దాన్ని పెద్దగా అనుమానించేవాణ్ణి కాదు, ఎందుకంటే అండర్‌రన్ మాట మధ్యలో ఎక్కడైనా కొడుతుంది, ప్రతిసారీ మొదట్లోనే, అదే కొలతలో కొట్టదు.

క్రమం తప్పని కోత అంటే ఎవరో క్రమం తప్పకుండా ఏదో ఆపి మళ్ళీ మొదలుపెడుతున్నారని అర్థం. కానీ షాపులో రావడం లేదు, సెంటర్లో వస్తోంది. హార్డ్‌వేరా సాఫ్ట్‌వేరా తేల్చడానికి అన్నిటికన్నా చవకైన దారి ఎస్‌డీ కార్డు మార్చి చూడటం. సెంటర్ పెట్టెలోని కార్డు తీసి షాపు బోర్డులో పెట్టాం, షాపు బోర్డు కూడా "ఇరవై" మింగడం మొదలుపెట్టింది. అక్కడితో సగం వెతుకులాట అయిపోయింది. పవర్ సప్లై, ఎర్తింగ్, హాల్ గోల అంటూ వాళ్ళు రాసుకున్న జాబితా మొత్తం పక్కకి పోయింది.

అసలు విషయం

కార్డుల్లో తేడా వెతికే ముందు ఆంప్ దగ్గర ఏం జరుగుతోందో కళ్ళారా చూద్దామనుకున్నాను. లక్షణం ఏ పిన్ను దగ్గర పుడుతోందో తెలిస్తే ఫైళ్ళలో ఏం వెతకాలో తెలుస్తుంది. స్కోప్ ఒక ఛానల్ ఆంప్ షట్‌డౌన్ పిన్ (లేస్తే ఆంప్ మేల్కొంటుంది, పడితే ఆగిపోతుంది) మీద, మరో రెండు ఛానళ్ళు స్పీకర్ రెండు కొసల మీద పెట్టి వాటి తేడా తీసుకున్నాను. ఈ ఆంప్‌లో స్పీకర్ రెండు కొసలూ సప్లైలో సగం వోల్టేజీ దగ్గర నిలబడతాయి, ఏ కొసా గ్రౌండ్ కాదు. స్కోప్ గ్రౌండ్ క్లిప్ తెచ్చి ఒక కొసకి తగిలిస్తే ఆంప్ అవుట్‌పుట్‌ని ఎర్త్‌కి షార్ట్ చేసినట్టే. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలకి ఇది ముందే చెప్పండి, బోర్డు కాలాక కాదు.

తెర మీద బొమ్మ చాలా స్పష్టంగా వచ్చింది. "టోకెన్ నంబర్" అనగానే షట్‌డౌన్ పిన్ లేస్తోంది, అయిపోగానే పడిపోతోంది, "ఇరవై"కి మళ్ళీ లేస్తోంది, పడుతోంది, "ఆరు"కి మళ్ళీ. పిన్ లేచాక దాదాపు 150 మిల్లీసెకన్ల పాటు స్పీకర్ దగ్గర ఏమీ లేదు, తర్వాతే శబ్దం. మామూలు మాట వేగంలో "ఇ" అనే పొట్టి అచ్చు ఆ సమయంలో పూర్తిగా మునిగిపోతుంది, "ఆరు"లో "ఆ" దీర్ఘం కాబట్టి తోక మిగులుతుంది. హాల్లో విన్నదానికి ఇది సరిగ్గా సరిపోయింది.

ఆ 150 మిల్లీసెకన్లు చిప్ లోపం కాదు. ఒకే సప్లై మీద నడిచే ఆంప్‌కి 5 వోల్టులు ఇస్తే అది 2.5 వోల్టుల చుట్టూ ఊగాలి, మేల్కొన్న క్షణంలో ఆ సగం వోల్టేజీ ఇంకా తయారై ఉండదు, బైపాస్ పిన్ మీది కెపాసిటర్ నిండాలి. నిండకముందే స్పీకర్‌కి శబ్దం వదిలితే "టప్" అని కొడుతుంది కాబట్టి చిప్ అంతవరకు నోరు మూసుకుని ఉంటుంది. కెపాసిటర్ పెద్దదైతే టప్ తగ్గుతుంది, నిశ్శబ్దం పెరుగుతుంది. ఇక్కడ డిజైనర్ టప్ రాకూడదని పెద్దదే వేశాడు.

మరి పిన్ ప్రతి మాటకీ ఎందుకు పడుతోంది? లైనక్స్ ఆడియోలో కోడెక్, ఆంప్‌ల కరెంటును కెర్నెలే చూసుకుంటుంది, శబ్దం ఆగాక వెంటనే ఆపేయకుండా మామూలుగా 5000 మిల్లీసెకన్లు ఆగి అప్పుడు ఆపుతుంది. ఆ గడువు పేరు పీఎమ్‌డౌన్ టైమ్. షాపు కార్డులో అది 5000, సెంటర్ కార్డులో 0. ఎందుకు 0? అంతకుముందు ఇంకో చోట, గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, ప్రకటన అయిపోయాక కాసేపు స్పీకర్ నుంచి "స్‌స్‌స్" అని వస్తోందని ఫిర్యాదు వచ్చింది. ఆంప్‌ని వెంటనే ఆపేస్తే ఆ సొద ఉండదు కదా అని బూట్ స్క్రిప్టులో ఒక లైను పెట్టారు. సొద పోయింది, కస్టమర్ సంతోషించాడు, ఆ ఇమేజ్ (కార్డులోకి ఎక్కించే సాఫ్ట్‌వేర్ మొత్తం) తర్వాతి పెట్టెలన్నిటికీ వెళ్ళింది. దాన్ని పరీక్షించిన వాళ్ళు పాత బీప్ పరీక్షే చేశారు, బీప్ కొన్ని సెకన్లు మోగుతుంది, ముందు 150 మిల్లీసెకన్లు లేకపోయినా చివరి సెకను లెవెల్‌కి ఏ లోటూ రాదు.

దీనికి తోడు ప్రోగ్రాం ఒక్కో మాటకీ విడిగా ఏప్లేని పిలుస్తోంది. తెరువు, పలుకు, మూసెయ్, మళ్ళీ తెరువు. గడువు 5 సెకన్లు ఉన్నంతకాలం ఈ అలవాటు ఎవరికీ కనపడలేదు, 0 అవగానే ప్రతి మాటా చల్లబడ్డ ఆంప్‌తో మొదలైంది.

ఇంకొక విషయం, ఇది నాకు చాలా నచ్చిన ఆధారం. షాపు బోర్డులో అంతా బాగుందన్నాను కదా, నిజానికి అక్కడా కోత ఉంది. చాలాసేపు ఊరుకున్నాక మొదట మోగేది "టింగ్", కోత దాని మీద పడుతోంది. ల్యాప్‌టాప్‌లో అదే ఫైలు వింటే గంట కొట్టిన దెబ్బ ఖంగుమని వస్తుంది, పెట్టెలో మెత్తగా, దూరం నుంచి వచ్చినట్టు వస్తుంది. అందరూ అది స్పీకర్ గుణం అనుకున్నారు. గంట ఇన్నాళ్ళూ మాటల తరఫున కోతను మోస్తూ వచ్చింది.

పనికిరానివి, పక్కన పెట్టినవి

అందరికీ మొదట తోచింది, ప్రతి ఫైలు ముందూ కాస్త నిశ్శబ్దం అతికించడం. వాళ్ళ కుర్రాడు నేను స్కోప్ సర్దేలోపే చేసి చూపించాడు. అక్షరాలు తిరిగొచ్చాయి. కానీ "ఇరవై", ఒక ఖాళీ, "ఆరు" అని వినిపించడంతో ఇరవై వేరు ఆరు వేరు అన్నట్టు ఉంది, గోలగా ఉండే హాల్లో ఆ ఖాళీలోకి పక్కవాళ్ళ మాట దూరుతుంది. "అన్నా, వస్తోంది కదా, ఇది చాలదా?" అన్నాడు. వచ్చినంత మాత్రాన చాలదని వాణ్ణి హాల్ చివర కుర్చీలో కూర్చోబెట్టి వినిపించాను, ఒప్పుకున్నాడు.

బైపాస్ కెపాసిటర్ చిన్నది వేయడం రెండో ఆలోచన. కొత్త బోర్డులకి చేయొచ్చు, ఇప్పటికే గోడలకెక్కిన వాటిని దింపి టంకం పెట్టాలి, పైగా టప్ తిరిగొస్తుంది. మూడోది, వెనకాల ఒక ప్రోగ్రాం ఎప్పుడూ నిశ్శబ్దాన్ని ఆడిస్తూ ఆంప్‌ని మేల్కొలిపి ఉంచడం. పనిచేస్తుంది, చాలామంది చేస్తారు. నేను వద్దన్నాను, ఏదో ఒక రోజు ఆ ప్రోగ్రాం చచ్చిపోతే పెట్టె మామూలుగానే కనిపిస్తూ మళ్ళీ అక్షరాలు మింగడం మొదలుపెడుతుంది, ఏ లాగ్‌లోనూ రాదు, ఎవరో ముసలావిడ మళ్ళీ వంతు పోగొట్టుకుంటే తప్ప మనకు తెలియదు.

పనిచేసింది

మూడు మార్పులు కలిపి చేశాం, ఒక్కటి చాలదని నా అభిప్రాయం.

ఒకటి, ప్రకటన మొత్తాన్ని ఒకే ధారగా మార్చాం. గంట, "టోకెన్ నంబర్", "ఇరవై", "ఆరు", ఆ తర్వాత హిందీ, అన్నిటినీ మెమరీలో అతికించి, మొదట్లో మాత్రం 300 మిల్లీసెకన్ల నిశ్శబ్దం పెట్టి, డివైస్‌ని ఒక్కసారి తెరిచి ఒక్కసారి మూయడం. కొలిచిన ఆలస్యానికి రెట్టింపు తీసుకున్నాం, కెపాసిటర్ల విలువ ఒక్కోదానికి కొంత అటూ ఇటూ ఉంటుంది, వేడికి మారుతుంది. మాటల మధ్య ఖాళీ ఇప్పుడు మన చేతిలో ఉంది, "ఇరవై ఆరు" కలిసి పలుకుతుంది.

రెండు, పీఎమ్‌డౌన్ టైమ్‌ని మళ్ళీ 5000కి తెచ్చాం. వరసగా రెండు మూడు టోకెన్లు పిలిచినప్పుడు ఆంప్ అనవసరంగా పడి లేవడం ఆగుతుంది.

అలా చేస్తే పాత "స్‌స్‌స్" తిరిగొస్తుంది, అందుకే మూడోది. సొద ఎక్కడిదో చూస్తే, కోడెక్ వాల్యూమ్ బాగా తగ్గించి ఆంప్ గెయిన్ (శబ్దాన్ని ఎంత పెంచాలన్న లెక్క) 24 డెసిబెల్స్ పెట్టి ఉంది. కోడెక్ అవుట్‌పుట్‌లో ఉండే కొద్దిపాటి సొదను ఆంప్ దాదాపు 16 రెట్లు చేస్తోంది, కోడెక్ దగ్గర వాల్యూమ్ తగ్గించినా ఆ సొద తగ్గదు. గెయిన్ నిర్ణయించే రెసిస్టర్లు మార్చి 12 డెసిబెల్స్‌కి తెచ్చి, ఆ మేరకు కోడెక్ వాల్యూమ్ పెంచాం. మాట అంతే గట్టిగా ఉంది, సొద నాలుగో వంతుకు దిగింది. రెసిస్టర్ మార్చడం అంటే అదీ టంకమే కదా అనొచ్చు, నిజమే, దీన్ని కొత్త బోర్డుల్లోనూ, నిశ్శబ్దంగా ఉండే చోట్ల ఉన్న పాత వాటిలోనూ మాత్రమే చేశాం. డయాగ్నస్టిక్ హాల్లో ఆ సొద ఎవరికీ వినపడదు, అక్కడ కార్డు మార్చడంతో సరిపోయింది. వారం తర్వాత రిసెప్షన్ మేడమ్‌కి ఫోన్ చేస్తే, ఇప్పుడు గంట కూడా గట్టిగా మోగుతోందన్నారు, ఆ మాట నేను అడగలేదు.

పరీక్షను ఎలా మార్చాం

నాకు ఈ కేసులో మరమ్మతు కన్నా ఇదే ముఖ్యం. బీప్ పరీక్ష ఆడియో నడుస్తూ ఉన్న స్థితిని చూస్తుంది, పెట్టె పనంతా నిశ్శబ్దం నుంచి మాటలోకి దూకడంలో ఉంది. అందుకని మెట్ల ఫైలు ఒకటి చేశాం: 600 హెర్ట్జ్ నుంచి 2800 దాకా 200 చొప్పున పెరిగే స్వరాలు, ఒక్కోటి 40 మిల్లీసెకన్లు, మొత్తం అర సెకను లోపే. 600 కన్నా కిందికి పోలేదు, చిన్న స్పీకర్ అక్కడ సరిగ్గా పలకదు. ఫిక్స్చర్ (పెట్టెను పెట్టి పరీక్షించే అమరిక) మైక్‌లో రికార్డు చేసి, ఒక్కో స్వరం ఎంత బలంగా ఉందో చెప్పే గర్ట్‌జెల్ లెక్కతో ప్రతి ముక్కలో అన్నిటికన్నా గట్టిగా ఉన్న స్వరం ఏదో చూస్తాం. మొదట వినిపించిన మెట్టు ఏదో తెలిస్తే ఎన్ని మిల్లీసెకన్లు పోయాయో నేరుగా తెలిసిపోతుంది.

దీన్ని రెండు దారుల్లో నడుపుతాం. పెట్టె అసలు ప్రోగ్రాం ద్వారా ఆడిస్తే మొదటి మెట్టు నుంచీ అన్నీ రావాలి, ఒక్కటి తగ్గినా ఫెయిల్. నిశ్శబ్దం అతికించకుండా నేరుగా ఏప్లేతో ఆడిస్తే మూడు నాలుగు మెట్లు పోవాలి, అంతకన్నా ఎక్కువ పోయినా తక్కువ పోయినా అసెంబ్లీలో వేరే కెపాసిటర్ పడిందేమో చూస్తాం. బీప్ పరీక్షను తీసేయలేదు, లెవెల్‌కి అది ఇప్పటికీ మంచిదే. చివర్లో ఆపరేటర్ "ఇరవై", "అరవై" వరస మార్చి మార్చి మోగించి తెర చూడకుండా విని ఏది ఏదో రాస్తాడు, మైక్ పట్టనిది చెవి పట్టేస్తుంది.

పరీక్ష ఫ్యాక్టరీ ఇమేజ్‌తో కాకుండా కస్టమర్‌కి వెళ్ళే కార్డుతోనే చేయాలని కూడా రిజిస్టర్‌లో రాయించాను. ఇంకొక షరతు మెట్ల ఫైలుకి సంబంధించింది: ఆడించే ముందు బోర్డుని కనీసం పది సెకన్లు నిశ్శబ్దంగా వదలాలి. తొందరపడి బీప్ పరీక్ష అవగానే 5 సెకన్ల లోపు ఆడిస్తే ఆంప్ ఇంకా మెలకువగానే ఉంటుంది, మెట్లన్నీ వచ్చేస్తాయి, కెపాసిటర్ సంగతి తేలకుండానే పెట్టె ప్యాకింగ్‌కి వెళ్ళిపోతుంది. ఆ పది సెకన్ల ఆగడాన్ని ఆపరేటర్ చేతిలో పెట్టకుండా ఫిక్స్చర్ ప్రోగ్రాంలోనే పెట్టాం.